గోనెపట్టా తెర వెనక

మా అమ్మాయి వాళ్ళు ఉండేది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, టార్నీట్‌లో. సాయంత్రం పార్కుకి వెళితే నాలుగు బెంచీల్లో రెండింటి మీద తెలుగే వినపడుతుంది. అందుకే వచ్చి నాలుగు నెలలైనా నా ఇంగ్లీషు చీరాలలో ఎంత ఉందో ఇక్కడా అంతే ఉంది. "ఊరికే ఇంట్లో కూచుంటే మోకాళ్ళు పట్టేస్తాయమ్మా" అని మా అమ్మాయి నన్ను లైబ్రరీలో పెద్దవాళ్ళ చేత మాట్లాడించే క్లాసులో చేర్చింది. అక్కడ చెప్పే ఆవిడ ఒకరోజు టీవీలో ఒపెరా ముక్క ఒకటి పెట్టారు. పది నిమిషాలు.

చూస్తున్నంతసేపూ మా నాన్నే గుర్తొచ్చాడు. ఆయన పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నాటకంలో చచ్చిపోయే పాత్ర కూడా రాగం పూర్తయ్యేదాకా చావదు. జనం వన్స్‌మోర్ అంటే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. ఒపెరాదీ అదే పద్ధతి, వన్స్‌మోర్ ఒక్కటే తక్కువ.

ఆ ఒపెరా పేరు 'పీకన్ సమ్మర్'. రాసింది, సంగీతం కట్టింది డెబోరా చీతమ్. యోర్టా యోర్టా ఆదివాసీ జాతి ఆవిడ, పెద్ద గాయని. మూడు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆవిడని తల్లి నుంచి వేరుచేసి తెల్లవాళ్ళ ఇంట్లో పెంచారు. అలా పోయిన పిల్లలు ఈ దేశంలో ఒకరిద్దరు కాదు, తరాలకు తరాలు. 1939లో కమ్మరగంజ అనే రిజర్వు (ఆదివాసీలని ఉంచిన సర్కారు నేల) నుంచి యోర్టా యోర్టా జనం ఊరు విడిచి నడిచిపోయిన సంగతి మీద ఒపెరా రాద్దామని ఆరా తీస్తుంటే, అలా నడిచినవాళ్ళలో తన సొంత తాత, అమ్మమ్మ ఉన్నారని ఆవిడకి తెలిసింది. పుస్తకం కోసం వెతుకుతుంటే ఇంటిపేరు దొరికినట్టు.

నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి. ఒక ఆదివాసీ రాసిన మొట్టమొదటి ఆస్ట్రేలియా ఒపెరా అది. 2010 అక్టోబరు 8న మొదటి ఆట సిడ్నీలో వేయలేదు, మెల్‌బోర్న్‌లో వేయలేదు, మూరూప్నా అనే చిన్న ఊళ్ళో వేశారు. సిడ్నీ ఒపెరా హౌస్‌కి చేరింది ఆరేళ్ళ తర్వాత. అంత పెద్ద పని పెట్టుకుని ముందు ఆ ఊరికే ఎందుకు వెళ్ళారు? భోజనాల దగ్గర ఈ మాట అన్నాను. మా అల్లుడు ఫోన్ తీసి "రెండు గంటల పైన డ్రైవ్ అంతే అత్తయ్యగారూ, వచ్చే శనివారం వెళ్దాం" అన్నారు. నలుగురం బయల్దేరాం, మనవడితో కలిపి.

2024 ఫిబ్రవరి 3, శనివారం. షెపర్టన్

ఊరు ఇంకా పావుగంట ఉందనగా రోడ్డు పక్క తోటలు మొదలయ్యాయి. పీచ్‌లు, పియర్‌లు. ఒకచోట చెట్టు కింద బల్ల, బల్ల మీద పళ్ళ సంచులు, పక్కన మూతకి చీలిక పెట్టిన బిస్కెట్ డబ్బా. మనిషి లేడు. సంచి ఆరు డాలర్లని అట్టముక్క మీద రాసి ఉంది. అల్లుడి దగ్గర పది నోటు తప్ప చిల్లర లేదు. డబ్బా తీసి చిల్లర తీసుకోవచ్చు, ఎవరూ చూడరు. ఆయన డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, పది నోటే దోపారు. ఆ మొహమాటానికి నాలుగు డాలర్లు ఖర్చు. పీచ్ మాత్రం కొరికితే మోచేతి దాకా కారింది.

ఈ ఊరు పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ మీద పెరిగింది. 1917లో పెట్టిన ఎస్పీసీ కంపెనీ ఇప్పటికీ ఉంది. తోటల్లో కోతకి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు, చాలామంది ఇక్కడే నిలిచిపోయారు. ఇటలీ వాళ్ళు, అల్బేనియా వాళ్ళు, మన పంజాబీలు, తర్వాత ఇరాకీలు. మధ్యాహ్నం ఇరాకీ బేకరీలో పొయ్యిలోంచి తీసిన రొట్టెలు కొన్నాం, పడవ ఆకారంలో, నాలుగు కలిపి మూడు డాలర్లు. నా గోంగూర పచ్చడితో కారులోనే తిన్నాం. బేకరీ అతను మా సీసా చూసి వేలితో రుచి చూశాడు, కళ్ళు మూసుకున్నాడు, ఇంకో రొట్టె ఊరికే ఇచ్చాడు.

ఊరి మధ్య ఒక గోడ నిండా ఇద్దరు పెద్దమనుషుల బొమ్మలు ఉన్నాయి. ఒకరు విలియం కూపర్, ఇంకొకరు డగ్లస్ నికోల్స్. ఇద్దరూ కమ్మరగంజ నుంచి వచ్చినవాళ్ళే. తమ జాతికి పార్లమెంటులో ఒక ప్రతినిధి కావాలని కూపర్ 1930లలో రాజుగారికి అర్జీ రాసి 1,814 సంతకాలు చేయించాడు. ప్రభుత్వం దాన్ని రాజుకి పంపనే లేదు. నికోల్స్ ఫుట్‌బాల్ ఆడి, పాస్టరై, చివరికి 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. ఇక్కడి పార్లమెంటు నియోజకవర్గం పేరే నికోల్స్. ఆదివాసీల మాట పార్లమెంటుకి చెప్పడానికి ఒక సంఘం ఉండాలా అని 2023 అక్టోబరులో దేశమంతా రెఫరెండం పెడితే, ఆయన పేరున్న నియోజకవర్గమే భారీగా వద్దంది. ఒక ఇంటి ఫెన్సింగ్ మీద అప్పటి 'యస్' బోర్డు ఇంకా ఉంది, ఎండకి అక్షరాలు వెలిసిపోయి.

మోటెల్ గది 165 డాలర్లు. ఏసీ శబ్దం వచ్చింది, గాలి రాలేదు. పేరెందుకులెండి.

అదే సాయంత్రం. ఫ్లాట్స్

షెపర్టన్‌కీ మూరూప్నాకీ మధ్య గోల్‌బర్న్ నది పారుతుంది. యోర్టా యోర్టా వాళ్ళు దాన్ని కయేలా అంటారు. రోడ్డు ఎత్తుగా కట్ట మీద వెళ్తుంది, కింద నదికి ఆనుకుని పల్లపు నేల. దాన్నే ఫ్లాట్స్ అంటారు. ఎండ తగ్గాక అక్కడి నడకదారిలో దిగాం.

1939 ఫిబ్రవరి 4న కమ్మరగంజ నుంచి బయల్దేరినవాళ్ళు నూటయాభై మందికి పైనే. రేషన్ చాలక, క్షయ పట్టుకుని, మేనేజరు పెత్తనం భరించలేక న్యూ సౌత్ వేల్స్ నుంచి సరిహద్దు నది మర్రే దాటి విక్టోరియాలోకి వచ్చేశారు. జాక్ పాటెన్ అనే నాయకుడిని, జనాన్ని రెచ్చగొట్టి ఊరు విడిపించాడని అరెస్టు చేశారు. నెలలు గడిచాక కొందరు వెనక్కి వెళ్ళారు. వెళ్ళనివాళ్ళు ఎచూకా, బార్మాలతో పాటు ఈ పల్లంలో గుడిసెలు వేసుకున్నారు. కిరసనాయిలు డబ్బాలు చితక్కొట్టి గోడలు, గోనెసంచులు విప్పి తలుపులు. తోటల్లో కూలి, ఫ్యాక్టరీలో కూలి. వరదొస్తే గుడిసె ఎత్తుకుని గట్టెక్కడం, తీశాక మళ్ళీ దిగడం.

ఈ సంగతులన్నీ చదువుతుంటే నాకు మా నాయనమ్మ గొంతు వినపడింది. 1921లో చీరాల, పేరాల వాళ్ళు మునిసిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరు ఖాళీ చేసి బయట పాకలు వేసుకున్నారు కదా, రామ్‌నగర్ అని. పదకొండు నెలలు. మా నాయనమ్మకి అప్పుడు పదేళ్ళు. ఉద్యమం గురించి అడిగితే ఆవిడ గాంధీ పేరు చెప్పేది కాదు. తాటాకు పాకలో రాత్రిపూట తేలు పాకిన చప్పుడు, దొడ్లో వదిలేసి వచ్చిన గేదె, ఇవే చెప్పేది. తేడా ఏమిటంటే మా వాళ్ళకి తిరిగి వెళ్ళడానికి ఇళ్ళున్నాయి, తాళాలు మా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

ఫ్లాట్స్‌లో ఇప్పుడు గుడిసెల ఆనవాలు లేదు. చెట్లు, ఎండిన బెరడు, దోమలు. నేను చూడాలనుకున్నది రోడ్డు కట్ట. 1954లో ఎలిజబెత్ రాణి షెపర్టన్ వచ్చినప్పుడు ఆ గుడిసెలు ఆవిడ కంట పడకుండా రోడ్డు పొడుగునా గోనెపట్టాలు కట్టారని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. కింద నిలబడి పైకి చూశాను. కార్ల చక్రాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఇక్కడున్న పిల్లలకి రాణిగారి కారు చప్పుడు వినపడి ఉంటుంది. గోనె కదా, ఎండ అవతల పడితే నీడ కూడా కనపడి ఉంటుంది. మా నాన్న కంపెనీ వాళ్ళ దగ్గర చిరిగిన మఖమల్ తెర ఒకటి ఉండేది. రాత్రి తొమ్మిదింటికి దాన్ని లాగడానికి నేనూ మా తమ్ముడూ పోట్లాడుకునేవాళ్ళం. తెర లాగితే బొమ్మ కనపడాలి. తెర కట్టేసి ఆట అయిపోయిందనడం ఇక్కడే విన్నాను.

రాణి వెళ్ళిన నాలుగేళ్ళకి మూరూప్నా శివార్లో పది కాంక్రీటు ఇళ్ళు కట్టారు. రంబలారా అని పేరు పెట్టారు, ఇంద్రధనస్సు చివర అని అర్థమట. ఆ పేరుతోనే ఇప్పుడు వాళ్ళ ఆస్పత్రి, ఫుట్‌బాల్ క్లబ్బు నడుస్తున్నాయి.

ఫిబ్రవరి 4, ఆదివారం. మూరూప్నా

పొద్దున్నే తొమ్మిదికి ముందే 30 డిగ్రీలు. ఒపెరా వేసిన వెస్ట్‌సైడ్ హాలు వెతుక్కుంటూ మొదట ఆస్పత్రి ఆవరణలోకి, తర్వాత ఎవరి ఇంటి డ్రైవ్‌వేలోకో దూరాం. ఆ ఇంటాయన టీ కప్పుతో బయటికొచ్చి, తిట్టకుండా దారి చెప్పాడు. 2022 అక్టోబరు వరద ఎంతవరకు వచ్చిందో కూడా తన గోడ మీద చేత్తో చూపించాడు, నా నడుం ఎత్తు. అడక్కపోయినా చూపించాడు. ఈ ఊళ్ళో ఇంకా ఎవరిని పలకరించినా ముందు వరద, తర్వాతే వాతావరణం.

హాలు మూసి ఉంది. ఆదివారం కదా మరి. అద్దం తలుపులోంచి చూస్తే కుర్చీల దొంతర్లు, ఒక చీపురు. గొప్పగా ఏమీ లేదు, మన జిల్లా పరిషత్ హైస్కూల్ ఆడిటోరియం లాంటిదే. మెట్ల మీద కూర్చుని పీచ్‌లు తింటుంటే, కుక్కని తిప్పుకుంటూ ఒకావిడ వచ్చింది. ఏం చూస్తున్నారని అడిగింది. చెప్పాం. ఆవిడ కుక్కని కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

మొదటి రోజు ఆవిడ ఆ హాల్లో ఉందట. చీతమ్ దేశమంతా తిరిగి, గొంతున్న ఆదివాసీలని వెతికి, ఒపెరా ఎప్పుడూ పాడనివాళ్ళకి నేర్పి స్టేజీ ఎక్కించింది. అందులో ఈ చుట్టుపక్కల పిల్లలూ ఉన్నారు. "నాకు పాట అంతగా గుర్తులేదు. నా వెనక వరసలో ఒక చిన్నపిల్లాడు 'అది మా ఆంటీ, అది మా ఆంటీ' అని ఒకటే అరుపు. ఎవరూ నోరు మూయమనలేదు" అంది.

మా చీరాలలో కూడా అంతే. హరిశ్చంద్రుడు కాటిసీనులో ఏడుస్తుంటే "ఒరే మా బాబాయిరా" అని జనంలోంచి అరిచేవాళ్ళు. ఆంటీ అనే మాట కూడా ఇక్కడ మనకి దగ్గరగా ఉంటుంది. ఆదివాసీ పెద్దలని అందరూ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, టీవీలో కూడా. అది వయసుకి ఇచ్చే పిలుపు కాదు, జాతి వాళ్ళు ఇచ్చే గౌరవం. నాకు అరవై మూడు కాబట్టి నేనూ ఆంటీనే అనుకుంటే కుదరదని మా అమ్మాయి ముందే చెప్పింది.

కథ జరిగిన చోటే, కథలోవాళ్ళ పిల్లలు కుర్చీల్లో ఉండగా మొదట ఆడారు. ఈ ఊరే ఎందుకన్న నా ప్రశ్న ఆ మెట్ల మీద తీరిపోయింది. గోనెపట్టా కట్టిన రోడ్డు ఇక్కడికి కారులో అయిదు నిమిషాలు.

బార్మా

నెథాలియా మీదుగా గంట లోపే బార్మా. అక్కడి అడవి అంతా రెడ్ గమ్ చెట్లు. మన ప్రకాశం జిల్లాలో గీతలు గీసినట్టు సన్నగా పెంచే జామాయిల్ తోటలకి ఈ చెట్లు తాత వరస. ఒక్కొక్కటీ నలుగురు చేతులు పట్టుకున్నా అందనంత లావు. ఒక చెట్టుకి మనిషి ఎత్తుకు మించి, నిలువుగా, దోసగింజ ఆకారంలో బెరడు లేదు. పూర్వం పడవ కోసం ఒలిచిన చోటు. గాయం అంచులు లోపలికి మడుచుకుని పెదవుల్లా ఉబ్బాయి, మధ్యలో కొయ్య వెండిరంగుకి తిరిగింది. మనవడు చెయ్యి పెట్టబోతే మా అమ్మాయి ఆపింది. చెట్టు చావకుండా పడవకి సరిపడా మాత్రం తీసుకున్న లెక్క అది.

ఈ అడవి, ఈ నీళ్ళు మావేనని యోర్టా యోర్టా వాళ్ళు 1994లో కోర్టుకెళ్ళారు. చరిత్ర ఆటుపోట్లలో మీ ఆచారం కొట్టుకుపోయింది, కాబట్టి హక్కు లేదని 1998లో జడ్జి తేల్చాడు. 2002లో హైకోర్టు కూడా కాదంది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లెక్క. బతికున్న ముసలివాళ్ళ సాక్ష్యం కంటే, నూటయాభై ఏళ్ళ కిందట ఇదే నేలలో గొర్రెలు మేపిన ఒక దొర రాసుకున్న పుస్తకానికి ఆ తీర్పులో ఎక్కువ విలువ వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ఏ పుస్తకం ఎవరు రాశారో పిల్లలకి ఒక్కసారైనా చెప్పానా అని అనుమానం వచ్చింది.

అడవిలో సిగ్నల్ పోయింది. ఇసక దారిలో అరగంట అటూ ఇటూ తిరిగాం. కారు మీటరు 39 డిగ్రీలు చూపిస్తోంది, నీళ్ళ సీసాలు రెండే ఉన్నాయి, నాకు టెన్షన్. అల్లుడేమో నవ్వు మొహం పెట్టుకుని చెమటలు తుడుచుకుంటున్నారు. ఒక మలుపులో అడవి గుర్రాలు అయిదారు అడ్డం నిలబడి మమ్మల్ని చూశాయి. వాటికి దారి తెలుసు కాబట్టి తొందర లేదు. చివరికి ట్రాక్టరు చాళ్ళు పట్టుకుని బయటపడ్డాం. పబ్బులో చికెన్ పార్మా 27 డాలర్లు, అంటే దాదాపు పదిహేను వందలు. ప్లేటు దాటి వేలాడుతోంది. ముగ్గురు తిన్నారు. నేను బంగాళాదుంప ముక్కలు, మళ్ళీ గోంగూర.

నది ఒడ్డున ఒక పెద్దాయన మడత కుర్చీలో కూర్చుని గాలం వేసి ఉన్నాడు, పక్కన మనవరాలు. మా అల్లుడు చేపల గురించి అడిగితే "నువ్వు వెయ్యాలంటే న్యూ సౌత్ వేల్స్ లైసెన్సు కావాలి" అన్నాడు. "మనం నిలబడ్డది విక్టోరియా కదా?" "బురద విక్టోరియాది, నీళ్ళు వాళ్ళవి." మర్రే నదిలో సరిహద్దు నడి మధ్యన లేదు, ఈ దక్షిణపు గట్టునే ఉంది. ఆయన మాత్రం నదిని మర్రే అనలేదు, దుంగాలా అన్నాడు. అప్పట్లో అవతల గట్టు మీద ఉన్నంతవరకు ఆదివాసీల మీద ఆ రాష్ట్రం పెట్టిన బోర్డు పెత్తనం, ఈ బురదలో కాలు పెడితే లేదు. 1939లో ఇక్కడ వంతెన లేదు, బల్లకట్టు ఉండేది. సరిగ్గా ఎనభై అయిదేళ్ళ కిందట, ఇదే తేదీ.

మేం ఇండియా అని తెలిశాక ఆయన ఒక్కసారి నా వైపు తిరిగాడు. "మా పాత మేష్టారు కూడా మీ వైపాయనే" అన్నాడు.

ఆయన చెప్పింది, తర్వాత మేం వెతికి చదివింది కలిపి రాస్తున్నాను. థామస్ షాడ్రాక్ జేమ్స్ 1859లో మారిషస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు భారతీయులు. 1881లో ఇక్కడి మలోగా మిషన్‌కి వచ్చి, పంతులుగా చేరి, తర్వాత కమ్మరగంజ బడిలో 1922 దాకా చెప్పాడు. విలియం కూపర్ చెల్లెలు ఏడాని పెళ్ళి చేసుకున్నాడు. కూపర్, నికోల్స్ ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. అంటే షెపర్టన్ గోడ మీది ఆ ఇద్దరికీ పంతులు మనవాడు. మారిషస్ అనగానే కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళు గుర్తొస్తారు కానీ, ఆయన తెలుగువాడని ఎవరూ అనలేదు, నేనూ అనను. నలభై ఏళ్ళు ఒకే నది ఒడ్డున బడి చెప్పాడు, నాకది చాలు.

పాట కూడా అక్కడి నుంచే. 1880లలో అమెరికా నుంచి నల్లవాళ్ళ గాయక బృందం ఒకటి మలోగా వచ్చి బానిసల కాలం నాటి భక్తిగీతాలు పాడింది. ఫరో సైన్యం సముద్రంలో మునిగిపోయే పాటని యోర్టా యోర్టాలోకి మార్చుకున్నారు, అదే 'బురా ఫెరా'. ఇప్పటికీ పాడతారు. మీకొచ్చా అని అడిగాను. "మా అక్కకి వచ్చు. నాకు చేపలే వచ్చు" అన్నాడు. మనవరాలు నవ్వింది.

వంతెన దాటి కమ్మరగంజ వైపు కొంతదూరం వెళ్ళాం. ఊరి బోర్డు కనపడగానే నేనే కారు ఆపించాను. అది జనం కాపురాలుండే ఊరు, ఎవరూ పిలవలేదు. బోర్డు దగ్గర రెండు నిమిషాలు నిలబడి తిరిగొచ్చాం. మనవడు "ఇంత దూరం వచ్చి లోపలికి వెళ్ళమా?" అన్నాడు. వాళ్ళమ్మ "మన ఇంటికి ఎవరైనా ఊరికే వచ్చి వంటింట్లోకి వచ్చేస్తే?" అంది. వాడు కాసేపు ఆలోచించి "స్నాక్స్ ఉంటే ఓకే" అన్నాడు.

ఫిబ్రవరి 5, సోమవారం. ఎచూకా

ఇక్కడ అందరూ చేసే పనే మేమూ చేశాం, ఆవిరి పడవ ఎక్కాం. వంద డాలర్లు పైనే అయింది. పడవలో మైకు అబ్బాయి కలప వ్యాపారం, ఉన్ని, పాత పందేలు అన్నీ చెప్పాడు. నది అసలు పేరు ఒక్కసారి చెప్పాడు, అదీ తప్పు పలికాడేమోనని నా అనుమానం. రేవు అంతా రెడ్ గమ్ దూలాలతో కట్టింది, మూడంతస్తుల ఎత్తు. ఆ గాయం చెట్టు చూసి వచ్చానేమో, ఈ దూలాల్లో ఎన్ని చెట్లున్నాయో లెక్కపెడుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడకముందే ఇంటికొచ్చాం. అంతా కలిపి ఆరు వందల డాలర్ల లోపే.

సంచిలో అయిదు పీచ్‌లు మిగిలాయి, గట్టివి. ముక్కలు కోసి, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీలో పెట్టాను. గురువారం క్లాసుకి చిన్న సీసాలో తీసుకెళ్ళాను. మేడమ్‌గారు ముక్క నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకో ముక్క అడిగారు. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారో ఇంగ్లీషులో చెప్పమన్నారు. మూరూప్నా, బల్లకట్టు, పంతులుగారు, గోనెపట్టా. గోనెపట్టాకి ఇంగ్లీషు తెలియక చేతులు చాపి రోడ్డు పొడుగునా కట్టి చూపించాను. ఆవిడకి అర్థమైంది. టీవీ ఆన్ చేస్తే, ఈసారి మొదటి నుంచీ పెట్టమన్నాను.